ఆకు బిగించే పిడికిలి



మీకు దగ్గర్లో నిమ్మకాయ ఉంటే ఒకటి తెచ్చి పక్కన పెట్టుకోండి. నిమ్మకాయ లేకపోతే చిన్న ఉల్లిపాయైనా ఫర్వాలేదు. దానితో పని కాసేపాగి వస్తుంది.

మేముండేది కూర్మన్నపాలెంలో. విశాఖ వాళ్లకి ఆ జంక్షన్ గురించి చెప్పక్కర్లేదు. హైవే పక్కన ఉక్కు కర్మాగారం ఆర్చి, దాని ముందు ఆటోలు, షిఫ్టు బస్సులు, టీ బడ్డీలు. 2021 నుంచి కార్మికుల దీక్షా శిబిరం వల్ల ఊరు పేరు రాష్ట్రమంతా తెలిసింది. నేను వృక్షశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ని. ఇప్పుడు రిటైరై మేడ మీద కుండీల్లో నీళ్లు పోసుకుంటున్నాను. మా పై వాటాలో ఒక కుర్రాడు అద్దెకుంటాడు. కోక్ ఓవెన్లలో పని. సి షిఫ్టు దిగి, పొద్దున్నే కళ్లు నులుముకుంటూ మెట్లెక్కుతూ ఒకరోజు నా దగ్గర ఆగాడు.

"మాస్టారూ, మా గ్యాసులో పళ్లు ముగ్గబెట్టే గ్యాసు కూడా ఉంటుందటండీ. నిజమేనా, లేకపోతే మావాళ్లు నన్ను ఆటపట్టిస్తున్నారా?"

నిజమే. బొగ్గును గాలి తగలకుండా మూసి, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో మగ్గబెడితే కోక్ తయారవుతుంది. మన కర్మాగారంలో ఆ ఓవెన్లు ఒక్కోటి ఏడు మీటర్ల ఎత్తు, ఒక్కో బ్యాటరీకి 67 చొప్పున వరసగా గోడ కట్టినట్టు ఉంటాయి. మగ్గేటప్పుడు బొగ్గులోంచి వచ్చే గ్యాసులో సగానికి పైగా హైడ్రోజన్, పావు వంతు మీథేన్. మిగిలిన వాటిలో నూటికి రెండు పాళ్ల దాకా ఇథిలీన్. రెండు కార్బన్లు, నాలుగు హైడ్రోజన్లు, అంతే దాని ఒళ్లు. అంతకన్నా చిన్న హార్మోను మొక్కల్లో మరొకటి లేదు. ఆ గ్యాసు బయటికొచ్చి జంక్షన్‌లో మన అరటిపళ్లు ముగ్గబెడుతోందని మాత్రం అనుకోకండి. దాన్ని శుద్ధి చేసి, గొట్టాల్లో పట్టుకెళ్లి కర్మాగారంలోనే ఇంధనంగా మండించుకుంటారు.

కాని పూర్వం యూరప్ నగరాల్లో వీధి దీపాలు వెలిగింది ఇలా బొగ్గులోంచి తీసిన గ్యాసుతోనే. నేల కింద గొట్టం ఎక్కడైనా కారితే, అక్కడ వీధి పక్క చెట్లు అకాలంగా ఆకులు రాల్చేసేవి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిమిత్రి నెల్యుబోవ్ అనే కుర్రవాడు చీకటి గదిలో బఠానీ మొలకలు పెంచుతున్నాడు. నిటారుగా లేవాల్సిన మొలకలు పొట్టిగా, లావుగా, అడ్డంగా పాకుతున్నాయి. అవే గింజల్ని బయటి గాలిలో పెడితే బుద్ధిగా పైకి లేచాయి. తప్పు గింజది కాదు, గదిలో దీపాల గ్యాసుది. ఆ గ్యాసులోనూ ఇథిలీన్‌దే అని తేల్చాడు. 1934లో ఇంగ్లండులో గేన్ అనే ఆయన ముగ్గుతున్న ఆపిల్ పళ్లు స్వయంగా ఇథిలీన్ తయారు చేసుకుంటాయని నిరూపించాడు. బయట విషంలా కనిపించిన వాయువే మొక్క ఇంట్లో మాట్లాడుకునే మాట అని అప్పటికి తెలిసింది.

మా జంక్షన్‌లో తోపుడు బండి మీద అరటిపళ్లు అమ్మే ఆవిడకి గేన్ ఎవరో తెలీదు. ఆవిడ చేతులు మాత్రం పొద్దున్నే అరటి హస్తాల మధ్య వెతికి, నల్లమచ్చలు పడి మెత్తబడిన పండుని తుంచి బండి కిందికి విసిరేస్తాయి. ఎందుకమ్మా, తినడానికి బాగానే ఉంది కదా అంటే, "ఇదుంటే మిగతాయన్నీ లాగేస్తాదండి" అంది. ఆవిడ చెప్పిన 'లాగేయడం' నాకు భలే నచ్చింది. ముగ్గిన పండు ఇథిలీన్ వదులుతుంది. అది తగిలిన పచ్చికాయ ముగ్గడం మొదలెట్టి, తనూ ఇథిలీన్ వదులుతుంది. మన పెద్దవాళ్లు గది మూసి పొగబెట్టి గెలలు మగ్గేసినా, వరిగడ్డిలో మామిడికాయలు పొదిగినా చేసింది ఇదే. పొగలో ఇథిలీన్ ఉంటుంది. గడ్డి, పళ్ల ఇథిలీన్‌ని పళ్ల దగ్గరే పట్టి ఉంచుతుంది. ఇప్పుడు మన దేశంలో పళ్లు ముగ్గబెట్టడానికి కార్బైడ్ వాడటం నిషేధం. ఇథిలీన్ వాయువునే పది లక్షల పాళ్లకు వంద పాళ్లు మించకుండా వాడుకోవచ్చని 2016లో ఆహార భద్రతా సంస్థ అనుమతి ఇచ్చింది.

సరే, వాయువు చెప్పింది. విన్నదెవరు? పండుకి చెవులున్నాయా?

ఉన్నాయి. వాటినే గ్రాహకాలంటాం, ఇంగ్లీషులో రిసెప్టర్లు. అవి ప్రోటీన్లు. మొక్కల హార్మోను గ్రాహకాల్లో మొట్టమొదట గుట్టు తెలిసింది ఇథిలీన్‌దే. 1988లో అమెరికాలో కొందరు ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఇథిలీన్ వినపడని చెవిటి మొక్కని పట్టుకున్నారు. 1993లో కారెన్ చాంగ్, మెయెరోవిట్జ్ బృందం ఆ చెవుడుకి కారణమైన జన్యువుని విడదీసింది. దాని పేరు ఇటిఆర్1. ఆ ప్రోటీన్ కణం లోపలి పొరల్లో జంటలుగా కూర్చుని ఉంటుంది. దాని ఒడిలో ఒక రాగి అయాను. ఇథిలీన్ వచ్చి పట్టుకునేది ఆ రాగినే. రాగి అందకపోతే ఆ చెవి పనిచెయ్యదు. రాగి చోటులో వెండి చేరితే ఇథిలీన్ కూర్చుంటుంది గానీ కబురు లోపలికి పోదు. పూల వ్యాపారులు కోసిన పువ్వులు వాడకుండా వెండి లవణం కలిపిన నీళ్లలో కాడలు ముంచేది అందుకే.

అసలు విచిత్రం ఇంకొకటి ఉంది. ఇథిలీన్ రాగానే ఈ గ్రాహకం లేచి 'ముగ్గండర్రా' అని కేక వేస్తుందనుకుంటాం కదా. కాదు. ఇథిలీన్ లేనంతసేపూ ఇది 'వద్దు, వద్దు' అని అరుస్తూనే ఉంటుంది. వీధి అరుగు మీద కూర్చుని పిల్లల్ని ఆడుకోనివ్వకుండా అదిలించే తాతగారిలాగ. ఇథిలీన్ వచ్చి రాగిని తాకితే ఆ ప్రోటీన్ ఒంటి తీరు మారుతుంది, దాని పక్కన చేరి ఆ అదిలింపుని ముందుకు మోస్తున్న మరో ప్రోటీన్ పని ఆగుతుంది. తాతగారు కునుకు తీశారు. ఇక వీధంతా పిల్లలదే. పండు రంగు తిరుగుతుంది, గుజ్జు మెత్తబడుతుంది, వాసన వస్తుంది.

టమాటాలో 'నెవర్ రైప్' అని ఒక రకం ఉంది. పేరే ఎప్పటికీ ముగ్గనిది అని. 1995లో చూస్తే దానిలో ఇథిలీన్ గ్రాహకమే చెడిపోయి ఉంది. అంటే నిద్రపట్టని తాతగారన్నమాట. మిగతా తాతలందరూ కునుకు తీసినా ఈయన ఒక్కడు అరుస్తూ ఉంటే చాలు, పిల్లలు కదలరు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రామేశ్వర్ శర్మ, యెల్లమరాజు శ్రీలక్ష్మి గార్ల ప్రయోగశాల ఇలాంటి టమాటా రకాల్ని పోగుచేసి, పండు ముగ్గే తీరు మీద ఏళ్లుగా పనిచేస్తోంది.

ఇంతకీ 'ఒంటి తీరు మారుతుంది' అని ఒక్క ముక్కలో దాటేశాను. అక్కడే ఆగాలి.

నేను క్లాసులో ముప్పై ఏళ్లు బోర్డు మీద తాళం, తాళంచెవి బొమ్మ వేసి ఇది చెప్పాను. హార్మోను తాళంచెవి, గ్రాహకం తాళం. పిల్లలు అదే రాశారు, మార్కులు నేనే వేశాను. ఆ బొమ్మ తప్పని అనను గానీ, సగమే నిజం. తాళంచెవి తిప్పినా తాళం బయటి ముఖం మారదు. గ్రాహకం ముఖం మారుతుంది. కథంతా ఆ మారిన ముఖంలో ఉంది.

ఇప్పుడు నిమ్మకాయ తీసుకోండి. చెయ్యి చాపి, అరచేతిలో పెట్టుకోండి. వేళ్లు ముడవండి, బొటనవేలు పైన వెయ్యండి. నిమ్మకాయ ఇక జారదు. సరే, అది తాళం కథలోనూ ఉంది. ఇప్పుడు చెయ్యి బోర్లించి వెలుపలి వైపు చూడండి. అరచెయ్యి చాచి ఉన్నప్పుడు లేని గుబ్బలు తేలాయి కదా, వేళ్ల కణుపులు. చాచిన చేతికి లేని కొత్త ముఖం అది. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లని మీ పిడికిలిని గుప్పిట్లో పట్టుకోమనండి. చక్కగా అమరుతుంది. చాచిన అరచేతిని అలా పట్టుకోలేరు. ఇంకొకటి గమనించండి: మీ పిడికిలిని పట్టుకున్నవాళ్ల చెయ్యి ఆ కాసేపూ ఇంకే పనీ చెయ్యలేదు.

మొక్కల హార్మోను గ్రాహకాల్లో చాలావాటి పనితనం దాదాపు ఇదే. ప్రోటీన్ అంటే ఏమిటి, అమైనో ఆమ్లాల దండ. అది ముడతలు పడి, మెలికలు తిరిగి ఒక ఆకారానికి వస్తుంది. రాయిలా బిగిసి కూర్చోదు. కణంలోని నీళ్ల తాకిడికి ఎప్పుడూ అదురుతూ, కాస్త మూసుకుంటూ, కాస్త తెరుచుకుంటూ ఉంటుంది. హార్మోను వచ్చి దాన్ని సుత్తితో కొట్టి వంచదు. అది ఎలాగూ మూసుకుంటూ తెరుచుకుంటూ ఉన్న చేతిలో పడి, మూసిన భంగిమని నిలబెడుతుంది, అంతే.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది మన వరి. 1926లో తైవాన్‌లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త, వరి మొక్కలు తెగ పొడుగు పెరిగి పడిపోయే తెగులుని పరీక్షించాడు. జపనీయులు దాన్ని బకానే అంటారు, వెర్రి మొలక అని అర్థం. ఒక బూజు విడిచే రసమే ఆ వెర్రికి కారణం. ఆ బూజు పేరు మీదే ఆ రసానికి తర్వాత జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టారు. మొక్క సైతం దాన్ని కొలత ప్రకారం తయారు చేసుకుంటుందని ఆ తర్వాత తెలిసింది. దాని గ్రాహకం దొరకడానికి మాత్రం 2005 దాకా ఆగాలి. నగోయా విశ్వవిద్యాలయంలో, ఎంత జిబ్బరెల్లిన్ పోసినా పొట్టిగా ఉండిపోయే వరి మొక్కలో అది బయటపడింది. పేరు జిఐడి1. 2008లో ఎక్స్-కిరణాలతో దాని ఆకారం తీశారు. లోతైన గుంట, ఆ గుంట పక్కన వేలాడే మూత. జిబ్బరెల్లిన్ గుంటలో పడగానే మూత మీదకి వచ్చి పడుతుంది. మూత పడ్డాక దాని పైభాగం ఒక పీటలా తయారవుతుంది. ఆ పీట మీద కూర్చోవడానికి వచ్చేది డెల్లా అనే ప్రోటీన్.

డెల్లా ఎవరంటే, మొక్కని ఎదగనివ్వకుండా కాపలా కాసేది. మళ్లీ అడ్డుపడేవాళ్ల కథే చూడండి. ఆ పీట మీద కూర్చోవడమే డెల్లాకి చేటు. కణంలోని ఇంకో ముఠా వచ్చి దాని వీపున చీటీల మీద చీటీలు అంటిస్తుంది. చీటీ పడ్డ ప్రోటీన్ నేరుగా తుక్కు యంత్రంలోకి. మా కర్మాగారంలో తుక్కు ఇనుము కన్వర్టర్‌లో పడి మళ్లీ ఉక్కవుతుంది కదా, అలాగే డెల్లా ముక్కలు కణానికి మళ్లీ పనికొస్తాయి. కాపలా పోయింది, కాండం సాగింది.

ఈ సంగతి మన కంచంలోని అన్నానికి సంబంధించింది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 విడుదల చేసింది. మరుసటి ఏడాదే పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి, విత్తనం చుట్టుపక్కలకి పంచారు. ఎరువు వేసినా పడిపోని పొట్టి వరి. ఎందుకు పొట్టి అంటే, దానికి జిబ్బరెల్లిన్ తయారీలో ఒక మెట్టు సరిగా పనిచెయ్యదు. ఇది 2002లో తెలిసింది. గోధుమ పొట్టిదనం వేరు. అక్కడ హార్మోను నిండుగా ఉంది, గ్రాహకమూ మూత వేస్తోంది, కానీ డెల్లాకి ఆ పీట మీద కూర్చునే భాగమే లేదు. పీట వేసినా అతిథి రాడు. రాడు కాబట్టి చావడు. చావడు కాబట్టి గోధుమ పొట్టిగా ఉంటుంది. ఇది 1999లో తేలింది. మన దేశంలో పొట్టి గోధుమల పరిశోధనని ముందుండి నడిపిన వారిలో పేరుపాలెంలో పుట్టిన ఎం.వి.రావు గారొకరు. ఒక్క పశ్చిమ గోదావరి జిల్లాలోనే అటు వరికి ఒకరు, ఇటు గోధుమకి ఒకరు! ఆ పంటలు చేలల్లో నిలిచిన ముప్పై ఏళ్ల తర్వాత గానీ అవి ఎందుకు పొట్టివో సైన్సుకి తెలియలేదు. రైతు ముందు నడిచాడు, ప్రయోగశాల వెనక వచ్చింది. చిన్నబుచ్చడానికి అనట్లేదు, అలా జరిగిందంతే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చెవి దగ్గరికి వస్తాను.

మే నెల మధ్యాహ్నం కూర్మన్నపాలెంలో మేడ మీద నిలబడండి. కాళ్ల కింద సిమెంటు పెనంలా ఉంటుంది. రెండు రోజులు నీళ్లు పొయ్యని మందార కుండీ తలవాల్చేసి ఉంటుంది. అప్పటికే ఆ ఆకులు చెయ్యగలిగింది చేసేశాయి. ఆకు అడుగున పత్రరంధ్రాలుంటాయి. మనిషి పెదవుల్లా రెండు రక్షక కణాలు, మధ్యలో సందు. సందులోంచి కార్బన్ డై ఆక్సైడు లోపలికి, నీటి ఆవిరి బయటికి. వేరు తాగిన నీటిలో నూటికి తొంభై పాళ్లకు పైగా అలా ఆవిరై పోవాల్సిందే. నీటి కరువు వచ్చినప్పుడు మొక్క అబ్సిసిక్ ఆమ్లం తయారు చేస్తుంది, ఆ పెదవులు మూతపడతాయి. ఆ పేరు 'ఆకు రాలడం' అనే అర్థం నుంచి పుట్టింది. 1960లలో ఇదే ఆకుల్ని, కాయల్ని రాల్చేదని అనుకున్నారు. ఆకు రాలడంలో పెద్ద చెయ్యి ఇథిలీన్‌దని తర్వాత తేలినా పేరు మాత్రం దీనికే అంటుకుపోయింది. పేర్లు పెట్టడంలో తొందరపడితే ఇలాగే ఉంటుంది.

ఈ పెదవుల కదలిక మీద మన తెలుగు నేల మీద మంచి పని జరిగింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్ గారి దగ్గర పరిశోధన మొదలుపెట్టిన ఎ.ఎస్. రాఘవేంద్ర గారు, తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బఠానీ ఆకుల పైపొర ఒలిచి, రక్షక కణాల్లో అబ్సిసిక్ ఆమ్లం ఏమేం కదిలిస్తుందో ఏళ్ల తరబడి చూశారు. నెల్యుబోవ్ చేతిలోనూ బఠానీయే, ఈయన చేతిలోనూ బఠానీయే. ఆయన శిష్యుడు గొనుగుంట విజయ్ లాంటి వాళ్లు ఆ కణాల లోపల నైట్రిక్ ఆక్సైడు పుట్టడం, ఆమ్లగుణం మారడం కొలిచారు. అంటే కబురు అందాక ఇంట్లో జరిగే హడావిడి అంతా తెలుస్తోంది. తలుపు దగ్గర కబురు అందుకున్నదెవరో మాత్రం చాలాకాలం దొరకలేదు.

ప్రపంచమంతా వెతికింది. 2006లో ఒక బృందం ఇదుగో అని ఒక ప్రోటీన్ పేరు ప్రకటించింది. పేరున్న పత్రికలోనే వచ్చింది. వేరేవాళ్లు చేసి చూస్తే రాలేదు. 2008 డిసెంబరులో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. నిజాయితీగా వెనక్కి తీసుకోవడం సైన్సులో అవమానం కాదు, అది కూడా పనే. మరి అన్నేళ్లు ఎందుకు దొరకలేదంటే, అలాంటి చెవి ఒకటి కాదు, అరబిడాప్సిస్‌లో పద్నాలుగు ఉన్నాయి. ఒకటి పోయినా మిగతావి వింటాయి, మొక్కలో తేడా కనబడదు. కాలిఫోర్నియాలో షాన్ కట్లర్ తిరకాసుగా ఆలోచించాడు. హార్మోనుకి బదులు పైరాబాక్టిన్ అనే కృత్రిమ రసాయనం పట్టుకున్నాడు. దాన్ని ఆ పద్నాలుగింటిలో అన్నీ వినలేవు, కొన్నే వింటాయి. కాబట్టి ఒక్కటి చెడినా మొక్క చెవిటిదవడం కనబడింది. 2009లో గ్రాహకం దొరికింది. అదే సమయానికి మ్యూనిక్‌లో ఎర్విన్ గ్రిల్ బృందం వేరే దారిలో వెళ్లి అక్కడికే చేరింది. మరుసటి ఏడాది, 2010లో, ఈ కొత్త సంగతులన్నీ కలిపి రాసిన సమీక్షా వ్యాసం మీద నాలుగు పేర్లున్నాయి: రాఘవేంద్ర, గొనుగుంట, క్రిస్ట్‌మన్, గ్రిల్. ఇద్దరు హైదరాబాదు, ఇద్దరు మ్యూనిక్. ఆ వ్యాసం చదివిన రోజు నేను మా స్టాఫ్ రూమ్‌లో అందరికీ టీ చెప్పాను.

ఇప్పుడు నిమ్మకాయ మళ్లీ చేతిలోకి తీసుకోండి. ఈ గ్రాహకం చిన్నది, సుమారు 190 అమైనో ఆమ్లాలు. దానికి గుంట ఉంది. గుంట అంచున రెండు మెలికలు. వాటికి శాస్త్రవేత్తలు గేటు, గడియ అని అర్థం వచ్చే పేర్లే పెట్టారు. మన చేతి భాషలో గేటు నాలుగు వేళ్లు, గడియ బొటనవేలు. అబ్సిసిక్ ఆమ్లం గుంటలో పడుతుంది. వేళ్లు ముడుచుకుంటాయి, బొటనవేలు వాటిని పట్టుకుంటుంది. కణుపులు బయటికి తేలతాయి. ఆ తేలిన ముఖం, కణంలో తిరుగుతున్న ఒక ఫాస్ఫటేజ్ అనే ఎంజైము నోటికి సరిగ్గా అమరుతుంది. అమరడమే కాదు, ఆ ఎంజైము తన ఒంట్లోని ఒక్క ట్రిప్టోఫాన్‌ని సూదిమొనలా చాపి, మీ వేళ్లకీ బొటనవేలికీ మధ్య మిగిలిన సన్నటి సందులో గుచ్చుతుంది. పిడికిలి ఇక విప్పుకోదు. తన నోరు మూసుకోవడానికి తనే మేకు కొట్టుకున్నట్టు.

ఆ ఎంజైము పని ఏమిటి? ఇంకో ప్రోటీన్, కైనేజ్ అని, దాన్ని లేవనివ్వకుండా చూడటం. లేచి కూర్చున్నప్పుడల్లా దాని మీది ఫాస్ఫేటు తీసేసి పడుకోబెడుతూ ఉంటుంది. ఇప్పుడు దాని నోరు మూతపడింది కాబట్టి కైనేజ్ లేచింది. లేచి రక్షక కణం పొరలోని ఒక ద్వారాన్ని తెరిచింది. క్లోరైడు, నైట్రేటు లాంటి ఋణ అయాన్లు బయటికి పరుగు తీశాయి, వాటి వెంట పొటాషియం, వాటి వెంట నీళ్లు. ఉబ్బి ఉన్న కణం సడలింది. పెదవులు మూసుకున్నాయి. ఇదంతా నిమిషాల్లో అయిపోతుంది. ఒక మెలిక ముడుచుకోవడంతో మొదలై, మేడ మీద ఒక మందార ఆకు ఊపిరి బిగబట్టడంతో ముగుస్తుంది.

ఇథిలీన్‌లో తాతగారు, జిబ్బరెల్లిన్‌లో డెల్లా, ఇక్కడ ఈ ఫాస్ఫటేజ్. మూడు చోట్లా హార్మోను 'ఇది చెయ్యి' అని ఎవరికీ పురమాయించలేదు. అడ్డంగా కూర్చున్నవాణ్ని తప్పించింది, పని దానంతటదే జరిగింది. పాఠ్యపుస్తకాల్లో హార్మోన్లని రసాయన దూతలంటాం, దూత వచ్చి ఆజ్ఞ చదువుతాడని పిల్లలు ఊహించుకుంటారు. నా మాట అడిగితే మొక్కలో ఎక్కువ భాగం దూతలు ఆజ్ఞలు తేరు, సెలవు చీటీలు తెస్తారు. కాపలావాడికి సెలవు. సైటోకైనిన్ లాంటి ఒకటి రెండు హార్మోన్లు మాత్రం ఈ వరసలోకి రావు, అవి నిజంగానే చేతికి చెయ్యి అందించి కబురు మోసుకెళతాయి.

నేను పిడికిలి, పిడికిలి అంటూ వచ్చాను కాబట్టి, పిడికిలి బిగించని చెవి సంగతి కూడా చెప్పకపోతే మోసం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన మీద పడ్డ తర్వాత కర్మాగారం కాలనీ ఉక్కునగరంలో చెట్లు గుర్తున్నాయా? ఆకు మిగల్లేదు, తలలు విరిగిపోయాయి. కొన్ని వారాలకి మొండి మానుల ఒంటి నిండా చిగుళ్లు పొడిచాయి, మాను మధ్యలోంచి, ఎప్పుడూ కొమ్మ రాని చోటి నుంచి. కొనలో మొగ్గ ఉన్నంతకాలం అది కిందికి ఆక్సిన్ పంపుతూ పక్క మొగ్గల్ని నిద్రలో ఉంచుతుంది. కొన విరిగింది, ఆ కట్టడి సడలింది. చక్కెర, మరో రెండు హార్మోన్లు కూడా ఇందులో చెయ్యి వేస్తాయి గానీ మొదలు అక్కడే. ఆక్సిన్ గ్రాహకం పేరు టిఐఆర్1, 2005లో దొరికింది. కనిపెట్టిన రెండు బృందాల్లో ఒకదాని పెద్ద మార్క్ ఎస్టెల్. 1988లో ఇథిలీన్ చెవిటి మొక్కని పట్టుకున్న వాళ్లలో ఈయన కూడా ఉన్నాడు. 2007లో దాని ఆకారం చూస్తే, ఆక్సిన్ వచ్చినా ఈ ప్రోటీన్ దాదాపు కదలనే లేదు. ఆక్సిన్ గుంట అడుగున కూర్చుని, గ్రాహకానికీ కాపలా ప్రోటీన్‌కీ మధ్య ఖాళీ పూడ్చింది. జిగురు పూసినట్టు. అతుక్కున్న కాపలావాడికి మళ్లీ చీటీ, మళ్లీ తుక్కు యంత్రం. దారి వేరు, చివరికి అదే సెలవు చీటీ.

ఇదంతా తెలిసి ఏం ప్రయోజనం అని మా పై వాటా కుర్రాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. 2015లో కట్లర్ బృందం ఆ అబ్సిసిక్ చెవి గుంటలో కొన్ని అమైనో ఆమ్లాలు మార్చి, మాండిప్రోపమిడ్ అనే మామూలు తెగులు మందుకి కూడా అది పిడికిలి బిగించేలా చేసింది. మందు చల్లితే మొక్క నీటి ఖర్చు తగ్గించుకుంది. వినడానికి బావుంది. అనంతపురం వేరుశనగ రైతు గుర్తొస్తాడు ఎవరికైనా. కానీ పెదవులు మూస్తే నీళ్లు ఆగడంతో పాటు తిండీ ఆగుతుంది. కార్బన్ డై ఆక్సైడు లోపలికి రాదు. ఎప్పుడు మూయించాలో, ఎంతసేపు మూయించాలో మొక్కకి తెలిసినంత బాగా మనకి తెలియాలి. అందాకా నేనైతే దీన్ని గొప్ప పనిమంతనంగానే చూస్తాను, వరంగా కాదు.

ఇక హైస్కూలు పిల్లలకి, వాళ్ల సైన్సు మాస్టార్లకి ఒక పని అప్పజెబుతాను. ఒకే రకం మొక్కలున్న రెండు కుండీలు తీసుకోండి. ఒకదానికి రోజూ నీళ్లు పొయ్యండి, ఇంకోదానికి వాడే దాకా మానెయ్యండి. మధ్యాహ్నం, బి షిఫ్టు బస్సులు గేటు లోపలికి వెళ్లే వేళ, రెండింటి ఆకుల అడుగు వైపు రంగులేని గోళ్ల పాలిష్ పలచగా రాయండి. పది నిమిషాలు ఆరనిచ్చి, సెలోటేపు అంటించి మెల్లగా ఒలిచి, గాజు పలక మీద అతికించి బడి మైక్రోస్కోపు కింద పెట్టండి. ఆకు పెదవులు అచ్చు గుద్దినట్టు కనిపిస్తాయి. ఏ కుండీ ఆకులో ఎన్ని తెరిచి ఉన్నాయో, ఎన్ని మూసి ఉన్నాయో లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాసుకోండి. తర్వాత ఆ వాడిన కుండీకి నీళ్లు పొయ్యడం మర్చిపోకండి.